దింపుడు కళ్లం దగ్గర కెమెరా

మా ఇల్లు విజయవాడ కృష్ణలంకలో, నదికి వెళ్లే దారిలో ఉండేది. వారానికి ఒకటి రెండు సార్లయినా మా వీధిలోంచి పాడె వెళ్లేది. డప్పుల చప్పుడు వినగానే అమ్మ మమ్మల్ని లోపలికి లాగి తలుపు వేసేది. నేను కిటికీ రెక్కల సందులోంచి చూసేదాన్ని. అందరూ దాటిపోయాక రోడ్డు మీద పేలాలు, బంతిపూల రెక్కలు, చిల్లర డబ్బులు మిగిలేవి. ఆ డబ్బులు ముట్టుకోకూడదని అమ్మ మాట. ఒకసారి మా గడప ముందే రూపాయి బిళ్ల పడింది. దాన్ని ఎవరు తీస్తారో చూడాలని సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాను. ఒక ఆవు వచ్చి పేలాలు తిని వెళ్లింది. రూపాయి అక్కడే ఉంది. చీకటి పడ్డాక అమ్మ నన్ను లోపలికి తీసుకెళ్లింది. తెల్లవారి చూస్తే లేదు. ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు కానీ, నా సినిమా ఆ అరుగు మీదే మొదలైందని నమ్ముతాను.

అమ్మమ్మది గుంటూరు జిల్లా పల్లె. శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర నాటకం వేస్తే ఊరంతా కాటిసీను కోసమే మేలుకొని ఉండేది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోకి జాషువా గారి శ్మశాన పద్యాలను చేర్చుకొని నటులు పాడేవారు. వినుకొండలో పుట్టిన కవి పద్యాలు కాబట్టి మా వాళ్లకు అవి సొంత ఆస్తి లాంటివి. పగలంతా పొలంలో మిరపకాయలు కోసి వచ్చిన మనుషులు, అర్ధరాత్రి దాటాక కూడా "వన్స్ మోర్" అని అరిచేవారు. చావు మీద రాసిన పద్యాన్ని మళ్లీ పాడమని అడిగే జనం మధ్య పెరిగిన దాన్ని నేను. అందుకే, "ప్రేమకథలో ఇంత చావు ఎందుకండీ?" అని నిర్మాతలు అడిగినప్పుడు ఏం చెప్పాలో తోచేది కాదు.

కథ చిన్నది. గవర్నరుపేటలో ఫ్లెక్సీలు వేసే షాపులో ఒక అమ్మాయి డిజైనరుగా పనిచేస్తుంది. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, నాయకులకు స్వాగతాలు అన్నీ చేస్తుంది కానీ, ఆమె మనసు పెట్టేది శ్రద్ధాంజలి ఫ్లెక్సీల మీద. పాత పెళ్లి ఫొటోల్లోంచి, ఆధార్ కార్డుల్లోంచి ముఖాలు కత్తిరించి నీలి మేఘాల మీద అతికిస్తుంది. పని అయిపోయాక కూడా ఆ ముఖాలను చెరిపేయదు, ఒక ఫోల్డరులో దాచుకుంటుంది. అబ్బాయి ఐస్ బాక్సులు అద్దెకు తిప్పుతాడు. అమెరికా నుంచో హైదరాబాదు నుంచో పిల్లలు వచ్చేదాకా శవాన్ని ఉంచే బాక్సులు. ఆమె కట్టించిన ఫ్లెక్సీ కింద అతను దించిన బాక్సు ఉంటుంది. ఇద్దరూ ఎప్పుడు కలిసినా ఎవరో ఒకరి చావు దగ్గరే కలుస్తారు. ఒకరోజు ఆమె అడుగుతుంది: "ఖాళీగా ఉన్నప్పుడు ఆ బాక్సులో ఒక్కసారి పడుకోనా?"

ఆ అమ్మాయికి చనిపోవాలని లేదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినలేదు. బావి గట్టు మీద చేతులు ఆనించి లోపలికి తొంగి చూసే పిల్లకు దూకాలని ఉండదు, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడాలని ఉంటుంది. ఒక నిర్మాత కథంతా విని, చివర్లో ఇద్దరినీ చంపేస్తే జనం కన్నీళ్లు పెట్టుకుంటారు, డబ్బు పెడతానన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను. చావు వైపు ఆశగా చూసే పాత్రకు ఆత్మహత్య ముగింపు ఇవ్వడం నా దృష్టిలో సోమరితనం మాత్రమే కాదు, అది తప్పు. హాల్లో కూర్చున్న వాళ్లలో ఎవరు ఏ బావి గట్టు మీద ఉన్నారో మనకు తెలియదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. నా చీటీ పాట, తమ్ముడు ఇచ్చింది, కెమెరామన్ తన వాటాగా వదులుకున్న జీతం, అన్నీ కలిపితే పద్నాలుగు లక్షలు. తొమ్మిది మంది మనుషులం. 2024 మే నెలలో పంతొమ్మిది రోజుల షూటింగు.

అంతకు ముందు రెండు వారాలు నేను ఐస్ బాక్సుల బాబాయ్ ఆటోలో తిరిగాను. సింగ్‌నగర్‌లో ఉంటారు. అరవై దాటిన మనిషి. సినిమా అనగానే మొదట ఒప్పుకోలేదు. "మా పని మీద నవ్వులాట చేస్తారమ్మా" అన్నారు. అలా చేయనని మాట ఇచ్చాను. ఆ రెండు వారాల్లో నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు.

చావు ఇంట్లో అడుగుపెట్టగానే ఆయన మాట్లాడే మొదటి మాట ఓదార్పు కాదు. "ప్లగ్ పాయింటు ఎక్కడమ్మా?" అంటారు. ఆ ఒక్క ప్రశ్నతో ఏడుస్తున్న ఇంట్లో ఎవరో ఒకరు లేస్తారు, స్విచ్చు వెతుకుతారు, చేతులకు పని దొరుకుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉంటే బాక్సు కింద ఇటుక ముక్క పెడతారు. తల ఎటు ఉండాలో అడిగి తెలుసుకుంటారు. వచ్చేటప్పుడు "వెళ్లొస్తాను" అనరు. చావు ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు కదా. ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు, మా ఇంటికి వచ్చి టీ తాగి కూడా ఏమీ అనకుండానే లేచి వెళ్లిపోయేవారు. ఆ అలవాటును యథాతథంగా నా కథానాయకుడికి ఇచ్చాను. సినిమాలో అమ్మాయి మొదట నొచ్చుకునేది దానికే. ప్రతిసారీ మాట లేకుండా వెళ్లిపోతాడు. ప్రేమించానని అతను ఎక్కడా చెప్పడు. చివరి రీలులో మెట్లు దిగుతూ ఆగి, "వెళ్లొస్తాను" అంటాడు. అంతే.

ఇక బాక్సు మూత తుడిచే గుడ్డ గురించి. మన కోస్తా ఉక్కలో ఐస్ బాక్సు మూతకు బయట చెమట పడుతుంది. లోపల చల్లదనానికి బయటి గాలిలోని తేమ అద్దం మీద నీరవుతుంది. ఐదు పది నిమిషాలకే ముఖం మసకబారిపోతుంది. అప్పుడు భార్యో కూతురో వచ్చి తుడుస్తారు. చీర చెంగుతో తుడుస్తారు, అరచేత్తో తుడుస్తారు. మళ్లీ మసకబారుతుంది, మళ్లీ తుడుస్తారు. అందుకని బాబాయ్ ప్రతి బాక్సుతో పాటు ఒక మెత్తని పాత నూలు గుడ్డ ఇస్తారు. కొత్త గుడ్డయితే మూత మీద గీతలు పడతాయట. మా షూటింగుకు ఆయన ఇచ్చింది ముదురు ఆకుపచ్చ మీద పసుపు చుక్కల గుడ్డ. అంచు దగ్గర చేత్తో కుట్టిన కుట్టు ఉంది.

ఆ అమ్మాయి బాక్సులో పడుకునే దృశ్యం నేను స్క్రిప్టులో చాలా అందంగా రాసుకున్నాను. మూత పడుతుంది, లోపల ఆమె ఊపిరి అద్దం మీద ఆవిరిగా కనిపిస్తుంది, అతను బయటి నుంచి ఆ ఆవిరి మీద వేలు పెడతాడు. మొదటి రోజు ఆవిరి రానే లేదు. మే నెల, రేకుల గోడౌను, మధ్యాహ్నం. నటి క్షేమం కోసం మిషను ఆపేసి పెట్టాం కాబట్టి మూత పెనంలా ఉంది. అద్దం చల్లగా ఉంటేనే కదా ఊపిరిలో తడి దాని మీద పట్టేది. నీళ్లు చల్లి ప్రయత్నించాం, వాన చినుకుల్లా కనిపించింది. గ్లిజరిన్ వద్దని కెమెరామన్ అన్నాడు. రెండో రోజూ అంతే.

మూడో రోజు బాబాయ్ వచ్చి చూసి, "ఖాళీ బాక్సును అరగంట నడపండి. తర్వాత ఆపేసి, ప్లగ్ పీకేసి, అప్పుడు అమ్మాయిని పడుకోబెట్టండి. కాళ్ల వైపు తలుపు తెరిచే ఉంచండి" అన్నారు. అలాగే చేశాం. వీపు కింద దళసరి దుప్పటి పరిచాం. మూత ముప్పై సెకన్లకు మించి వేయకూడదని నియమం పెట్టుకున్నాం. ఒక మనిషి పని మూత పిడి మీద చెయ్యి వేసి ఉండటమే.

మూత వేశాం. నేను అనుకున్నది జరగలేదు. లోపల ఆవిరి కంటే ముందు బయట చెమట పట్టింది. అద్దం మొత్తం తెల్లబడిపోయింది. కెమెరాకు ఆమె అసలు కనిపించడం లేదు. కట్ చెప్పబోయాను. ఈలోగా మా నటుడు, బాబాయ్ దగ్గర పది రోజులు పని నేర్చుకున్న కుర్రాడు, అలవాటుగా భుజం మీది గుడ్డ తీసి మూత తుడిచాడు. తుడిస్తే ముఖం కనిపించాలి. కనిపించలేదు. ఆమె నోటి దగ్గర లోపలి వైపు ఆవిరి పట్టి ఉంది. అతను ఇంకొకసారి తుడిచాడు. పోలేదు. ఇంకా గట్టిగా తుడిచాడు. అప్పుడు అర్థమైంది అతనికి. చెయ్యి ఆగిపోయింది. గుడ్డ అద్దం మీదే ఉండిపోయింది.

ఇన్ని బాక్సులు తుడిచిన చేతికి, తుడిస్తే పోని ఆవిరి తగలడం అదే మొదటిసారి. మా సినిమాలో ప్రేమ దృశ్యం అంటూ ఉంటే అదే. నేను రాసింది కాదు. నేను రాసిన వేలు, ఆవిరి మీద గీత, అన్నీ ఆ సాయంత్రమే కొట్టేశాను. అప్పటి దాకా నేను చావును చూపాలని తాపత్రయపడుతున్నాను. చూపవలసింది చావు చుట్టూ మనుషులు చేసే పనినని ఆ చేతిని చూశాకే తెలిసింది. ఇటుక ముక్క పెట్టడం, స్విచ్చు వెతకడం, అద్దం తుడవడం. మనిషి చావు దగ్గర ప్రేమను వీటితోనే చెప్పుకుంటాడు, నోటి మాటకు అక్కడ చోటుండదు.

రెండో పెద్ద దృశ్యం దింపుడు కళ్లం. అమ్మాయిని పెంచిన నాయనమ్మ చనిపోతుంది. శ్మశానం చేరేలోపు పాడెను ఒకచోట దింపి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారని. "దింపుడు కళ్లం ఆశ" అని రోజూ వాడేస్తాం కానీ, ఆ చోట నిలబడి చూస్తే ఆ మాట బరువు తెలుస్తుంది. అన్నీ అయిపోయాయని తెలిసిన మనుషులు, పాడె కట్టి, నాలుగు వీధులు మోసుకొచ్చి కూడా, ఇంకొక్కసారి పిలుస్తారు. ప్రేమా చావూ కలిసే చోటు ఏదని అడిగితే నేను చూపించేది ఆ పది అడుగుల నేలనే.

అనుమతి కాగితాలు చేతికి రావడానికి నెల పట్టింది. ఆ తర్వాత కాటికాపరి పెద్దాయనను కలిశాను. ఆడవాళ్లు రాకూడదంటారేమోనని బెరుకుగానే వెళ్లాను. ఆయన నా ముఖం చూసి, "2021లో కొడుకులు రాలేని రోజులు చూశానమ్మా. కూతుళ్లు వచ్చారు. నువ్వు వస్తే ఏం?" అన్నారు. మాకు మేమే కొన్ని నియమాలు పెట్టుకున్నాం. నిజమైన దహనం తీయకూడదు. నిజంగా ఏడుస్తున్న ఏ మనిషీ మా ఫ్రేములో ఉండకూడదు, వెనక దూరంగా కూడా. పాడె వస్తే కెమెరా నేల మీద పెట్టి, చెప్పులు విడిచి, పక్కకు తప్పుకోవాలి. నాలుగు రోజుల్లో పదకొండుసార్లు తప్పుకున్నాం. ఎండ పోయింది, వెలుతురు కుదరలేదు, మేము వేసుకున్న లెక్కలన్నీ తప్పాయి. అయినా ఆ నియమం మీద మాలో ఎవరూ ఒక్క మాట అనలేదు.

మొదటి రిహార్సల్లో నటి "నాయనమ్మా, నాయనమ్మా, నాయనమ్మా" అని గబగబా పిలిచేసి ఏడ్చింది. వెంటనే పాడె ఎత్తాం. పెద్దాయన దూరం నుంచి చెయ్యి ఊపుతూ వచ్చారు. "పిలిచాక ఆగాలమ్మా. ఆగకుండా ఎత్తితే పిలిచినట్టు కాదు. ఆమె పలకడానికి టైము ఇవ్వాలి కదా" అన్నారు.

ఆ మాటతో సీను రూపమే మారిపోయింది. ఒకసారి పిలిచి ఆగాలి. రెండోసారి పిలిచి ఆగాలి. మూడోసారి పిలిచాక ఎంత ఆగాలో నటికే వదిలేశాను. సౌండ్ చేసే అబ్బాయికి మాత్రం అదొక పరీక్ష. కృష్ణ మీది రైలు వంతెన దగ్గర్లోనే ఉంది, విజయవాడ జంక్షను, రైలు రాని పది నిమిషాలు దొరకడం గగనం. ఆరు టేకులు రైళ్లకే పోయాయి. ఏడో టేకులో మూడో పిలుపు ఆమె గట్టిగా పిలవలేదు, పసిపిల్ల నిద్రలో అడిగినట్టు మెల్లగా అంది. తర్వాత ఎవరూ కదల్లేదు. గాలికి పాడె మీది గుడ్డ కొంచెం లేచింది. అందరి కళ్లూ దాని మీదకు వెళ్లాయి. అప్పుడే వంతెన మీదకు గూడ్సు బండి వచ్చింది. సౌండ్ అబ్బాయి నా వైపు చూశాడు, నేను ఆపమనలేదు. మూడో పిలుపుకూ రైలుకూ మధ్య పదకొండు సెకన్ల మౌనం ఉంది. ఎడిటింగులో దాన్ని ఒక్క ఫ్రేము కూడా తగ్గించనివ్వలేదు. డబ్బింగులో శుభ్రంగా చేద్దామన్నారు, అదీ ఒప్పుకోలేదు. షూటింగు చోటే రికార్డు చేసే సింక్ సౌండులో దొరికిన ఆ గొంతు స్టూడియోలో రాదు.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ నీట మునిగింది. ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మా ఎడిటరు గది సింగ్‌నగర్‌లోనే, కింది అంతస్తులో. హార్డ్ డిస్కులు అటక మీద ఉండబట్టి బతికాయి. రెండో కాపీ గుంటూరులో, బ్రాడీపేటలో మా పిన్ని ఇంట్లో ఉంది. బాబాయ్ మూడు రోజులు మేడ మీద ఉన్నారు. ఫోను కలిసినప్పుడు ఆయన తన ఇంటి గురించి చెప్పలేదు. "కరెంటు లేదమ్మా. బాక్సులు నీళ్లలో ఉన్నాయి. ఎవరైనా పోతే ఎట్లా ఉంచుతారు?" అన్నారు.

ఆ మాట చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. చావు మీద మోహం అనే మాట, ఇంటి చుట్టూ నీళ్లు లేని వాళ్లు మాత్రమే అనగలిగే మాటేమో అనిపించింది. నవంబరులో మళ్లీ ఎడిటింగుకు కూర్చున్నప్పుడు పద్నాలుగు నిమిషాలు తీసేశాం. నది మీద పొగ తేలే షాట్లు, సంధ్యా సమయంలో నిప్పురవ్వలు, డ్రోను షాటు, చావును అందంగా చూపించినవి అన్నీ. కెమెరామన్ కష్టం అది. అతను పక్కన కూర్చొని, తానే ఒక్కొక్కటి చూపించి తీయించాడు. మిగిలిన సినిమా గంటా ముప్పై ఎనిమిది నిమిషాలు.

సెన్సారు విషయం. విజయవాడలో ఆఫీసు లేదు, మాకు హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయమే. దరఖాస్తు ఆన్‌లైనులోనే. ఇలాంటి చిన్న సినిమా తీసే వాళ్లకు పనికొస్తుందని రెండు సంగతులు చెబుతాను. శ్మశానంలో ఒక కుక్క మా ఫ్రేములోకి వచ్చి పాడె వెంట నడిచింది. ఎంత బాగుందో చెప్పలేను. కానీ జంతువు ఉన్న దృశ్యానికి జంతు సంక్షేమ మండలి అనుమతి ఉండాలి, అది షూటింగుకు ముందే చూసుకోవలసిన పని. మా దగ్గర లేదు. ఆ షాటు పోయింది. రెండోది, కాటికాపరి పాత్ర బీడీ తాగే షాటు. పొగ తాగే దృశ్యం ఉంటే తెర కింద హెచ్చరిక వేయాలి, సినిమా మొదట్లో, మధ్యలో ఆరోగ్య ప్రకటనలు చేర్చాలి. ఒక్క బీడీ కోసం అవన్నీ ఎందుకని దాన్నీ తీసేశాం. సర్టిఫికెట్ యూఏ 16+ వచ్చింది. 2023 చట్ట సవరణతో యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. పదహారేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్ల మార్గదర్శనంతో చూడవలసిన సినిమా అని నా ఉద్దేశం కూడా, కాబట్టి సంతోషించాను.

2025 ఆగస్టులో విజయవాడలో ఒక చిన్న హాలు అద్దెకు తీసుకొని మా వాళ్లకు వేశాం. ఎనభై మంది వచ్చారు. అమ్మ ముందు వరుసలో కూర్చుంది. బాబాయ్ చివరి వరుసలో, తలుపు పక్కన. మూడో పిలుపు తర్వాతి పదకొండు సెకన్లూ నేను తెర వైపు చూడలేదు, మనుషుల వైపు చూశాను. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. రైలు శబ్దం వచ్చాక అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. లైట్లు వెలిగాక నా దగ్గరికి వచ్చి, "అప్పట్లో మిమ్మల్ని లోపలికి లాగేదాన్ని కదా, నేను కూడా ఆ కిటికీలోంచే చూసేదాన్ని" అంది. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

బాబాయ్ అందరూ వెళ్లేదాకా బయట ఆటో దగ్గర నిలబడి ఉన్నారు. సినిమా ఎలా ఉందని అడగాలంటే భయం వేసింది. ఆయనే అన్నారు, "ఆ పిల్లవాడు తుడవడం బాగా నేర్చుకున్నాడమ్మా." కాసేపాగి, "ఆ గుడ్డ ఉందా నీ దగ్గర? మా ఆవిడ చీరలోది. ఇంకొకటి లేదు" అన్నారు.

షాట్ల మధ్య తేడా రాకూడదని ఆ గుడ్డను ఏడాదికి పైగా కవరులో పెట్టి దాచాను. బ్యాగులోనే ఉంది. తీసి ఇచ్చాను. ఆయన వాసన చూడలేదు, కళ్లకు అద్దుకోలేదు. నాలుగు మడతలు వేసి, ఆటో వెనకాల ఉన్న బాక్సు మూత మీద పెట్టారు. పటమటలో ఎవరో పోయారట, ఫోను వచ్చిందట. ఆటో స్టార్టు చేసి, నా వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.